రెండు గంటల సైరన్

కాలింగ్ బెల్ తీగను గోడలోంచి ఊడదీసి, కొసకు నల్ల టేపు చుట్టి, సదయ్య చప్పుడు కాకుండా స్టూలు దిగాడు. స్టూలు కాళ్ళకు నిన్ననే పాత గుడ్డలు కట్టాడు. టైము ఆరు కావస్తోంది. ఏడింటికల్లా అతను ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డ్యూటీకి ఉండాలి. ఆలోగా ఈ క్వార్టరులో చప్పుడు చేసే వస్తువు ఏదీ మిగలకూడదు.

వంటింట్లో కుక్కరు నిన్నటి నుంచి పొయ్యి ఎక్కలేదు. కిర్రుకిర్రుమనే ఫ్యాను ఆపేసి ఎలిజబెత్ విసనకర్ర పట్టుకుంది. గోడ గడియారంలోంచి బ్యాటరీ తీసేశారు. పక్క క్వార్టరు లింగవ్వకు వేళాపాళా లేకుండా కూసే కోడిపుంజు ఒకటుంది. సదయ్య వెళ్ళి చేతులు జోడిస్తే ఆమె నవ్వి, "నా పుంజు నీకేం జేసిందయ్యా" అంటూనే దాన్ని గంపలో పెట్టుకొని మందమర్రిలో చెల్లెలింటికి బస్సెక్కింది.

ఈ హడావుడంతా లోపలి గదిలో మంచం మీదున్న ఎలిజబెత్ భర్త జ్ఞానయ్య కోసం. డెబ్బై ఒక్క ఏళ్ళ మనిషి. గని టైం ఆఫీసులో ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఊపిరితిత్తులు పనిచేయడం మానుకున్నాయి. ఇక ఇంటి దగ్గరే ఉంచుకోండని మొన్న దవాఖానలో చెప్పారు. రాత్రి నుంచి కళ్ళు తెరవలేదు. ఛాతీ పైకి లేచి, చాలాసేపు ఆగి, మళ్ళీ కిందికి దిగుతోంది. చెంపలు లోపలికి పోయి ముక్కు పెద్దదిగా కనబడుతోంది. ఎడమ మణికట్టుకు కీ ఇచ్చే పాత గడియారం అలాగే ఉంది. చెయ్యి చిక్కి అది మోచేతి దాకా జారిపోతుంటే, ఎలిజబెత్ పట్టీ కింద జేబురుమాలు మడిచి పెట్టింది. దాన్ని తీయబోతే మాత్రం, స్పృహ లేని మనిషి కూడా చెయ్యి లాక్కుంటున్నాడు.

మూడు నెలల కింద, ఇంకా మాట్లాడే ఓపిక ఉన్నప్పుడు, జ్ఞానయ్య సదయ్య చెయ్యి పట్టుకొని ఒక్కటే అడిగాడు.

"నేను పోయేటప్పుడు ఎవ్వల్ని ఏడ్వనియ్యకు సదయ్యా. ముందుగాల కొంచెంసేపు, పోయినంక ఒక గంట, నిమ్మళంగ ఉంచుండ్రి. అంత సూసుకుంట పోవాలె గద."

సదయ్య సరేనన్నాడు. దివ్యజ్ఞాన సమాజం, అంటే థియోసాఫికల్ సొసైటీ వాళ్ళ నమ్మకం అది. పోయే మనిషికి తను బతికిన బతుకంతా, అమ్మ ఒడి నుంచి ఈ మంచం దాకా, వరసగా కనబడుతుంది. ఎక్కడ ఏం చేశాడో, దేని వల్ల ఏమైందో అప్పుడే అర్థమవుతుంది. ఆ సమయంలో చుట్టూ ఉన్నవాళ్ళు గుండెలు బాదుకొని అరిస్తే ఆ చూపు చెదిరిపోతుంది. మనిషి తన బతుకును సగమే చూసుకొని వెళ్ళిపోతాడు.

గోదావరిఖనిలో ఈ మాటలు వినేవాళ్ళు ఒకప్పుడు తొమ్మిది మంది. ఆదివారం సాయంత్రం ఇదే క్వార్టరు ముందు గదిలో చాప వేసుకొని కూర్చునేవాళ్ళు. కంటికి కనబడని మహాత్ములు రాయించారనే పుస్తకం జ్ఞానయ్య చదివేవాడు. మనిషికి ఏడు శరీరాలంటే సదయ్యకు ఎంత చెప్పినా వరస గుర్తుండేది కాదు. చివరికి జ్ఞానయ్య ఎవరిదో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ తెచ్చి, దాని మీద తనది మూడు గిన్నెలది పెట్టి, ఒక్కో గిన్నె తీస్తూ చెప్పాడు. చర్చి నుంచి అప్పుడే వచ్చిన ఎలిజబెత్ అందరికీ చాయ పోస్తూ, "మీ మహాత్ములకు చక్కెర ఎయ్యాల్నా, వద్దా?" అని ఆట పట్టించేది. తర్వాత కొందరు ట్రాన్స్‌ఫరై, కొందరు రిటైరై వెళ్ళిపోయారు. కొందరు పోయారు. సమాజం శాఖ ఉండాలంటే ఏడుగురు సభ్యులు కావాలి. మిగిలింది ఇద్దరు. "కడమ అయిదుగురు కనవడరు, గంతే" అనేవాడు జ్ఞానయ్య. ఇద్దరే కూర్చున్నా చాప మాత్రం పెద్దదే వేసేవాడు.

సదయ్య ఇందులో పడింది చదువు వల్ల కాదు. అతని ఊరు ఓపెన్‌కాస్టు కింద పోతే భూమికి బదులు మజ్దూరు నౌకరీ ఇచ్చారు. నౌకరీలో చేరిన రెండో ఏడు, ఆరేళ్ళ బిడ్డ జమున జ్వరంతో పోయింది. లీవు కాగితం రాయడానికి టైం ఆఫీసుకు వెళ్తే, జ్ఞానయ్య కాగితం తనే రాసిపెట్టి, అతనితో పాటు ఇంటికి వచ్చి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా సాయంత్రం దాకా గోడ వారగా కూర్చున్నాడు. ఆ కూర్చోవడం సదయ్య మరిచిపోలేదు. తర్వాత ఏడాదికి, ఈ చివరి చూపు సంగతి విన్నప్పుడు అతనికి బిడ్డ పోయిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు అతని భార్య సారవ్వ బిడ్డ మీద పడి వాడంతా వినేటట్టు ఏడ్చింది. బిడ్డకు ఇంకా ఊపిరి ఆడుతుండగానే ఏడ్చింది. ఆ మాట ఒకసారి కోపంలో నోరు జారి అనేశాడు: "నీ మొత్తుకోలుకు పిల్ల నిమ్మళంగ పోకపాయె." సారవ్వ బదులు చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళయినా చెప్పలేదు. కాలనీలో ఎవరు పోయినా మాత్రం ముందు ఆమె గొంతే లేస్తుంది. పోయినవాళ్ళ మంచీ చెడూ పేరుపేరునా కలిపి శోకం తీయడంలో ఆమెను మించినవాళ్ళు లేరని పేరు.

అలాంటి సారవ్వను ఈ రోజు, ఎవరూ ఏడవకుండా చూడమని, సదయ్యే జ్ఞానయ్య గడపలో కాపలా కూర్చోబెట్టాడు. వేరే దిక్కు లేదు. ఆమె తెల్లవారుజామునే వచ్చి, కొంగు నడుముకు చుట్టి, గడప మీద చతికిలబడింది.

"అంత బందు పెట్టినవ్ సరే" అంది గుసగుసగా, సదయ్య బండి తీస్తుంటే. "రెండు గొట్టంగ నువ్వేసే సైరనో? గదేం జేస్తవ్?"

సదయ్య చేతిలో తాళంచెవి ఆగిపోయింది. మూడు రోజులుగా అతన్ని నమిలేస్తున్నది అదే. ఓపెన్‌కాస్టులో రోజూ రెండింటికి బ్లాస్టింగ్. దానికి ముందు సైరన్ వేసేది అతనే. ఈ కాలనీకి గని అంచు అర కిలోమీటరు లేదు. సైరన్ మోగితే గిన్నెలు కూడా గణగణమంటాయి.

"లీవు పెడితె ఇంకోడేస్తడు. నేనుంటె ఎట్లన్న ఆపి సూస్త" అన్నాడు. "అన్న పోతె ఒక్క మిస్డ్ కాల్ ఇయ్యి. ఫోను సప్పుడు బందు పెట్టుకున్నవా?"

సారవ్వ ఫోను తీసి చూపించింది. బండి స్టార్టు చేయకుండా వీధి మలుపు దాకా తోసుకుంటూ వెళ్ళాడు.

సైరన్ గది గని అంచున దిబ్బ మీద ఉంది. రేకుల కప్పు, ఒక కిటికీ, ఎర్ర మూత ఉన్న స్విచ్చి, బల్ల మీద రిజిస్టరు. కిటికీలోంచి చూస్తే కింద మెట్లు మెట్లుగా దిగిపోయిన గని, ఇటు తిరిగితే కాలనీ వరసలు కనబడతాయి. మూడో వరసలో నాలుగో ఇల్లు జ్ఞానయ్యది. సదయ్య రోజూ చేసినట్టే స్విచ్చి మీది దుమ్ము తుడిచాడు. కుండలో నీళ్ళు నింపాడు. వాకీటాకీ ఛార్జింగు చూశాడు. పంతొమ్మిదేళ్ళుగా రిజిస్టరులో సైరన్ టైము గడిలో అతను రాసింది ఒక్కటే: రెండు. సదయ్య గర్వపడే సంగతి ఏదైనా ఉందంటే అది ఈ గడి ఒక్కటే.

జ్ఞానయ్యకు ఆ గడి సంగతి తెలుసు. రిటైరైన తర్వాత కూడా రోజూ రెండు గంటల సైరన్‌కు ఎక్కడున్నా ఆగి మణికట్టు చూసుకునేవాడు. తేడా ఉంటే, పక్కనున్న కీ బయటికి లాగేవాడు. లాగితే ముళ్ళు ఆగుతాయి. వాటిని రెండుకు తిప్పి కీ లోపలికి నొక్కేవాడు. "గడియారమన్నంక తప్పుతది. సదయ్య తప్పడు" అనేవాడు, బజారులో కూరగాయలమ్మే వాళ్ళతో కూడా.

పదింటికి బ్లాస్టింగ్ చూసే ఓవర్‌మన్ వీరేందర్ జీపులో వచ్చాడు. సదయ్య ఎదురు వెళ్ళాడు.

"సారు, ఇయ్యాల ఒక్కరోజు బ్లాస్టింగు ఆపరాదా? మా అన్న ఒకాయన పోతున్నడు. సప్పుడు గావద్దు."

వీరేందర్ ముఖంలో జాలి కనబడింది. కుర్రవాడు కాదు, నలభై దాటినవాడే. తండ్రిని పోగొట్టుకొని ఏడాది కాలేదు.

"కాకా, డెబ్బై రెండు హోల్స్‌ల మందు నింపుతున్నం. నింపినంక ఆపుడు ఉంటదా? మొగులు సూడు, ఎట్లున్నదో. పిడుగు వడితె మందు దానంతట గదే పేలుతది. రెండు అంటె రెండే. నువ్వే గద అందరికి చెప్పేటోనివి."

పడమటి నుంచి మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. జూన్ నెల మొదటి మబ్బు. సదయ్య తలూపాడు.

పన్నెండు, ఒంటి గంట. సద్ది మూత తీసి మళ్ళీ మూసేశాడు. ఫోను బల్ల మీద పెట్టుకొని దాని ముఖమే చూస్తూ కూర్చున్నాడు. ఒంటిగంటన్నరకు కింద పనిచేసేవాళ్ళంతా పైకి వచ్చేశారు. దారుల మీద ఎర్ర జెండాలవాళ్ళు నిలబడ్డారు. దక్షిణం దారి మీద ముత్యం. మోకాళ్ళు అరిగిపోయి, వచ్చే నెల రిటైరయ్యే మనిషి. ఫోను మోగలేదు. ఒంటి గంటా యాభై అయిదు. మోగలేదు.

జల్ది పోరాదే అన్నా, అనుకున్నాడు సదయ్య.

అనుకున్నాక ఆ మాట తనదేనని తెలిసింది. తనకు దారి చూపిన మనిషి అయిదు నిమిషాల్లో చచ్చిపోవాలని కోరుకుంటున్నాడు! ఒక మిస్డ్ కాల్ కోసం దేవులాడుతున్నాడు! పైగా పోయినా లాభం లేదు, ఆ తర్వాత గంట కూడా నిశ్శబ్దం కావాలని జ్ఞానయ్య చెప్పనే చెప్పాడు. సిగ్గుతో అతనికి చెవులు వేడెక్కాయి.

సరిగ్గా రెండు. వాకీటాకీలో వీరేందర్ గొంతు. "కాకా, సైరన్."

స్విచ్చి మూత తీశాడు. వేలు దాని మీద పెట్టాడు. మూడో వరసలో నాలుగో ఇంటి కప్పు కనబడుతోంది. వేలు కదలలేదు. నోరే కదిలింది.

"సారు, ఆగుండ్రి. దక్షిణం దిక్కు బర్లు దిగినయ్."

"బర్లా? ఎన్ని?"

అబద్ధానికి లెక్క కూడా కావాలని సదయ్యకు తెలియదు. "మూడు" అన్నాడు.

అప్పుడప్పుడు బర్రెలు దిగడం ఉన్నదే. వీరేందర్ విసుక్కుంటూ ముత్యాన్ని చూడమన్నాడు. సదయ్య గోడకు ఆనుకున్నాడు. పది నిమిషాలు, ఒక పావుగంట. ఆ కాస్త సమయంలో జ్ఞానయ్య ఎంత చూసుకుంటే అంత. చిన్నతనం అయిపోయి ఉంటుంది. పెళ్ళి కూడా అయిపోయి ఉంటుంది. టైం ఆఫీసు దాకా వచ్చాడేమో.

రెండూ అయిదుకు మొదటి ఉరుము వినబడింది.

సదయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాడు. ముత్యం దారి మీద నిలబడి చూసి ఊరుకోలేదు. జెండా చంకలో పెట్టుకొని, కుంటుకుంటూ, మందు నింపిన మెట్టు వైపు దిగిపోతున్నాడు. "హో... హో..." అని లేని బర్రెలను పిలుస్తున్నాడు. ఇంకో నూరు గజాలు దిగితే ఆ డెబ్బై రెండు గుంతల మధ్య ఉంటాడు. గోదావరి అవతల మెరుపు మెరిసింది.

"కాకా, ముత్యమన్నకు బర్లు కనవడ్తలేవట. ఏడున్నయ్?"

"లెవ్వు సారు!" సదయ్య గొంతు చీలిపోయింది. "లెవ్వు. పోయినయ్. ముత్యాన్ని ఎనుకకు రమ్మనుండ్రి. ఉరుకుమనుండ్రి!"

ముత్యం ఉరకలేడు. వెనక్కి తిరిగి ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే సదయ్య కిటికీ చువ్వలు పట్టుకొని అతని ప్రతి అడుగునూ చూశాడు. ఒకచోట ముత్యం మోకాలి మీద చెయ్యి వేసుకొని ఆగాడు. మళ్ళీ ఉరుము. ఈసారి దగ్గరగా. సర్వమానవ సోదరత్వం అని ఎన్ని ఆదివారాలు చదివారు! ఒక సోదరుడి నిశ్శబ్దం కోసం ఇంకో సోదరుణ్ణి మందుపాతర మీదికి పంపాడు. ముత్యం దారి ఎక్కి, అడ్డం దాటి, జెండా విప్పి ఊపాడు.

ఫోనులో రెండూ పదకొండు. సదయ్య జ్ఞానయ్య ఇంటి వైపు చూడకుండా స్విచ్చి వేశాడు.

సైరన్ నిమిషం పాటు మోగింది. రెండో సైరన్ మోగింది. తర్వాత నేల ఎగిరిపడింది. గోధుమరంగు దుమ్ము లేచి గనిని కప్పేసింది. మొదటి చినుకులు రేకుల మీద పడ్డాయి. సదయ్య రిజిస్టరు తెరిచి, సైరన్ టైము గడిలో మొదటిసారి వేరే అంకె రాశాడు. ఫోను మోగలేదు. చూసుకునే మనిషిని సగంలో లాగి పడేశాను అనుకున్నాడు. బిడ్డకు సారవ్వ చేసిందని తను అన్నది, ఇప్పుడు తనే చేశాడు.

మూడింటికి షిఫ్టు దిగి, తడుస్తూ కాలనీకి వచ్చాడు. వీధి మలుపులో బండి ఆపి తోసుకుంటూ నడిచాడు. జ్ఞానయ్య ఇంటి ముందు రేకుల కింద పది పన్నెండు మంది చర్చి ఆడవాళ్ళు కుర్చీల్లో కూర్చొని ఉన్నారు. ఒళ్ళో పాటల పుస్తకాలు, మూసి ఉన్నాయి. పాస్టరుగారు కళ్ళు మూసుకొని పెదవులు మాత్రం కదుపుతున్నారు. గడపలో సారవ్వ కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకొని ఉంది. ఆమె మెడ నరాలు తాళ్ళలా తేలాయి. కళ్ళలోంచి నీళ్ళు ధారగా పోతున్నాయి. చప్పుడు మాత్రం లేదు.

సదయ్యకు అర్థమైంది.

లోపల జ్ఞానయ్య ముఖం తుడిచి ఉంది. ఎలిజబెత్ విసనకర్ర ఇంకా చేతిలోనే పట్టుకొని కూర్చుంది, ఇక విసరాల్సిన పని లేకపోయినా.

"ఎప్పుడు వదినె?"

"సైరన్ అయినంక" అంది ఆమె చిన్నగా. "పొద్దటి సంది కండ్లు తెరువనోడు సైరన్ కూయంగనే తెరిచిండు తమ్మి. మంచిగ తెరిచిండు. రెండయ్యిందా అన్నడు. గడియారం దిక్కు సూసిండు. కీ గుంజబోతె వేళ్ళు ఆనలే. నేనే గుంజిన. ముళ్ళు ఆయనే తిప్పుకున్నడు, ఎనుకకు. గడియారం ముందుకు ఉరికింది, సదయ్య తప్పడు అన్నడు. మళ్ళ కీ నొక్కలే. చెయ్యి ఇట్లనే పడ్డది."

సదయ్య మంచం కోడు పట్టుకొని కింద కూర్చుండిపోయాడు.

"గడియారం తప్పలే వదినె" అన్నాడు. "నేను తప్పిన. సప్పుడు గావద్దని సైరన్ పదకొండు నిమిషాలు ఆపిన."

"నాకెరుక. ఫోన్ల సూసిన." ఎలిజబెత్ భర్త గుండె మీది దుప్పటి సవరించింది. "ఆయనకు చెప్పబుద్ది కాలే. ఆయన నీ దిక్కే ఉన్నడు గద."

సారవ్వ ఎప్పుడు లేచి వచ్చిందో, గది వాకిట్లో నిలబడి ఉంది. నోట్లోంచి కొంగు తీసింది. తడిసి ముద్దయిన ఆ కొంగును చేతుల్లో పిండుతూ, మొగుడి ముఖంలోకి సూటిగా చూసింది.

"మిస్డ్ కాల్ ఇయ్యకపాయినవ్" అన్నాడు సదయ్య.

"ఇయ్యబుద్ది కాలే. నువ్వొక్కనివే స్విచ్చి కాడ ఉంటివి." ఇరవై ఆరేళ్ళుగా దాచుకున్న మాట మెల్లగా బయటికి వచ్చింది. "సప్పుడు ఇనే ఆయన కండ్లు తెరిచిండయ్యా. నీ సైరన్ను గుర్తువట్టి పోయిండు. నా బిడ్డ గూడ నా గొంతు గుర్తువట్టే పోయింది కావచ్చు."

తప్పు అయింది అనాలని సదయ్యకు ఉంది. అది చాలా చిన్న మాటగా తోచింది. చెయ్యి చాచి ఆమె పాదం మీద పెట్టాడు. ఆమె తీయలేదు.

వాన గట్టిగా అందుకుంది. బయట కుర్చీలు లోపలికి జరుపుతున్న వాళ్ళు కూడా వాటిని ఎత్తి పట్టుకొని, నేలకు రాయకుండా జరుపుతున్నారు. ఇంత మంది ఇంత జాగ్రత్తగా ఉండటం ఆ కాలనీలో సదయ్య ఎన్నడూ చూడలేదు.

"గంట అయ్యిందా?" అడిగింది సారవ్వ. "ఇగ ఏడ్వనా?"

సదయ్య అలవాటుగా జ్ఞానయ్య మణికట్టు వైపు తిరిగాడు. ఎలిజబెత్ వైపు చూశాడు. ఆమె విసనకర్ర కింద పెట్టి తలూపింది.

"ఏడ్వు సారవ్వా" అన్నాడు. "అన్నను మంచిగ ఏడ్వు."

సారవ్వ గొంతు లేచింది. టైం ఆఫీసు కిటికీ, రాసిపెట్టిన లీవు కాగితం, గోడ వారగా కూర్చున్న సాయంత్రం, ఏడు గిన్నెల క్యారియర్ ఒక్కొక్కటే అందులోకి వచ్చాయి. నడుమ ఎక్కడో జమున పేరు కూడా వచ్చింది. చర్చి ఆడవాళ్ళు పుస్తకాలు తెరిచారు. ఏడుపూ పాటా ఒకదానిలో ఒకటి కలిసి వీధిలోకి పోయాయి.

మడిచిన జేబురుమాలు మీద గడియారం, కీ బయటికే ఉండి, సరిగ్గా రెండు చూపిస్తోంది.